ముందు కేస్ షీట్ చేతికి రావాలి, ఫిర్యాదు తర్వాత

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. పోయిన నెల మా బాపుకు (64 ఏళ్లు) ఛాతీలో నొప్పి వస్తే హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆ రాత్రే యాంజియో చేసి రెండు స్టెంట్లు వేశారు. ముందు లక్షా ఎనభై వేలు అవుతుందన్నారు, చివరికి 4,86,000 బిల్లు వేశారు. అందులో ‘స్టెంట్లు 2,10,000’ అని ఒక్క లైనే ఉంది. క్యాజువాలిటీలో నాతో ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించారు. డాక్టరు ఇంటికి వెళ్లొచ్చన్నాక కూడా డబ్బంతా కట్టేదాకా ఒక రాత్రి ఆపేశారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉందంటే ఎమర్జెన్సీకి పనిచేయదన్నారు. ఇప్పుడు కేస్ షీట్ అడిగితే ‘అది ఆసుపత్రి ఆస్తి, డిశ్చార్జి సమ్మరీ ఇచ్చాం కదా’ అంటున్నారు. రెండో స్టెంట్ అసలు అవసరమేనా అని మా అనుమానం. బాపు ఇప్పుడు బాగానే ఉన్నారు. ఎవరికి ఫిర్యాదు చేయాలి?
(పేరు రాయవద్దన్న పాఠకుడు, హనుమకొండ జిల్లా)

సమాధానం: అన్నిటికన్నా ముందు ఒక మాట. స్టెంట్ మీద అనుమానంతో మీ బాపు వాడుతున్న మాత్రలు, ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు రకాల మాత్రలు, ఒక్కరోజు కూడా ఆపకండి. స్టెంట్ అవసరమైనా కాకపోయినా ఇప్పుడది లోపల ఉంది. కొత్త స్టెంట్‌లో గడ్డ కట్టిందంటే ప్రాణానికే ముప్పు. ఆసుపత్రి మీద కోపం ఆసుపత్రి మీదే ఉండాలి, మందుల మీదికి పోకూడదు.

ఇక ఫిర్యాదు ఎవరికి అని అడిగారు. మీరు రాసిన దాంట్లో ఐదారు వేర్వేరు విషయాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో తలుపు. కానీ ఏ తలుపు తట్టినా లోపలివాళ్లు మొదట అడిగేది రికార్డులే. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి పట్టుకుని వెళ్తే ఆసుపత్రి తన గురించి తాను రాసుకున్న రెండు పేజీలే మీ దగ్గర ఉన్నట్టు. అందుకే ఈ వారం మీ పని ఒకటే, కేస్ షీట్, అంటే ఆసుపత్రి రాసుకున్న చికిత్స రికార్డు మొత్తం, తెచ్చుకోవడం.

‘ఆసుపత్రి ఆస్తి’ అన్న మాటలో సగం నిజముంది. అసలు కాగితాలు వాళ్ల దగ్గరే ఉంటాయి, నకలు మీద హక్కు మాత్రం రోగిది. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నియమావళిలో 1.3.1 నియమం ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు ఉంచాలి. 1.3.2 ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోవడం దుష్ప్రవర్తన కిందికి వస్తుందని అదే నియమావళి 7.2లో ఉంది. 2023 ఆగస్టులో, ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి తెచ్చి అదే నెలలో దాన్ని పక్కన పెట్టేసింది కాబట్టి, పాత నియమాలు ఇప్పుడు లేవని ఎవరైనా అంటే నమ్మకండి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రం కూడా ఇదే చెబుతుంది: ఆసుపత్రిలో ఉండగా అడిగితే వీలైనంతవరకు 24 గంటల్లో, డిశ్చార్జి అయ్యాక 72 గంటల్లో. జిరాక్సు ఖర్చు మీరే పెట్టుకోవాలి.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. 2002 నియమాలు కట్టడి చేసేది డాక్టర్లను, ఆసుపత్రి కంపెనీని కాదు. దరఖాస్తు ‘మేనేజ్‌మెంట్ వారికి’ అని ఒక్కటే రాస్తే, రేపు వైద్య మండలికి వెళ్లినప్పుడు డాక్టరు ‘నన్నెవరూ అడగలేదు’ అంటారు. అందుకని మెడికల్ సూపరింటెండెంటుకూ, చికిత్స చేసిన డాక్టరుకూ ఇద్దరికీ కలిపి రాయండి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉండాలి. మీ దగ్గరున్న మందుల చీటీలో వెతికి దాన్ని కూడా దరఖాస్తులో వేయండి.

రెండో తప్పు సంతకం దగ్గర జరుగుతుంది. మీ బాపు స్పృహలో, ఆరోగ్యంగా ఉన్నారు. కాబట్టి దరఖాస్తు ఆయన పేరు మీద, ఆయన సంతకంతో ఉండాలి. కొడుకు సంతకంతో ఇస్తే ‘రోగి గోప్యత’ అని తిప్పి పంపుతారు, ఆ మాట చట్టప్రకారం తప్పు కూడా కాదు. కాగితాలు మీరు తీసుకోవాలంటే ‘నా కుమారుడు ఫలానా నా తరఫున తీసుకోవడానికి అధికారమిస్తున్నాను’ అని ఆయన ఒక వాక్యం కలిపి, ఇద్దరి ఆధార్ నకళ్లు జత చేయాలి. రోగి చనిపోయిన కుటుంబాలైతే మరణ ధ్రువపత్రం, బంధుత్వం చూపే పత్రం పెట్టి వారసులు అడగాలి.

దరఖాస్తు ఇలా ఉంటే చాలు: ‘ఐపీ (ఇన్‌పేషెంటు) నంబరు ఫలానా, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆసుపత్రిలో చికిత్స పొందాను. 2002 నియమావళి 1.3.2 ప్రకారం ఈ కింది రికార్డులన్నిటి నకళ్లు, ప్రతి పేజీకీ నంబరు వేసి, ఆసుపత్రి ముద్రతో 72 గంటల్లో ఇవ్వగలరు. నకళ్ల ఖర్చు చెల్లిస్తాను.’ దాని కింద ఏమేం కావాలో పేరుపేరునా రాయండి. ‘కేస్ షీట్ ఇవ్వండి’ అని ఊరుకుంటే ల్యాబ్ రిపోర్టులు, సమ్మరీ కలిపి స్టేపుల్ చేసి ఇచ్చి ఇదే కేస్ షీట్ అంటారు. మీ విషయంలో కావలసినవి: క్యాజువాలిటీ నోట్స్, మొదటి ఈసీజీ దాని మీది సమయంతో సహా, రక్తపరీక్షలు, ఎకో రిపోర్టు, యాంజియోగ్రామ్ రిపోర్టు, యాంజియో వీడియో ఉన్న సీడీ, స్టెంట్ వేసిన ప్రొసీజర్ నోట్స్, స్టెంట్ పెట్టెల మీది స్టిక్కర్లు, అన్ని సమ్మతి పత్రాలు, డాక్టర్ల రోజువారీ నోట్స్, నర్సుల నోట్స్, మందుల చార్టు, ఫార్మసీ ఇండెంట్లు (వార్డు నుంచి మందుల కోసం పంపిన చీటీలు), ఐటమ్‌వారీ బిల్లు, ‘రిటర్న్స్’ (వాడకుండా ఫార్మసీకి తిప్పి పంపిన మందుల) వివరం.

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఇచ్చి, రెండోదాని మీద తేదీ, సమయం, ముద్ర వేయించుకోండి. ఆ సమయం నుంచే 72 గంటలు. దరఖాస్తు తీసుకోబోమంటే గొడవ పడకుండా బయటికొచ్చి అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపి, ఆసుపత్రి ఈమెయిలుకు కూడా పెట్టండి. పోస్టు రసీదు, డెలివరీ వివరం దాచుకోండి. అన్నిటిలోకీ తొందరగా అడగాల్సింది యాంజియో సీడీ. క్యాథ్‌ల్యాబ్ (యాంజియో చేసే గది) కంప్యూటర్లో వీడియోలు ఎన్నాళ్లు ఉంచుతారో ఒక్కో ఆసుపత్రిది ఒక్కో పద్ధతి. సీడీ చేతికిచ్చినప్పుడు అక్కడే ఒక కంప్యూటర్లో తెరిచి చూడండి. ఖాళీ సీడీతో ఇంటికి రావడం అరుదేమీ కాదు.

కాగితాలు వచ్చాక ముందు పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత డాక్టరు నోట్స్‌నూ నర్సుల నోట్స్‌నూ పక్కపక్కన పెట్టి సమయాలు పోల్చండి. డాక్టరు నోట్స్ తీరికగా, కొన్నిసార్లు తర్వాత రాసినవై ఉంటాయి. నర్సు మాత్రం షిఫ్టు మారేలోపు రాసి సంతకం పెట్టాలి కాబట్టి నిజం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ‘డిశ్చార్జి చెప్పారు, బిల్లు పెండింగ్’ అని నర్సు ఏ గంటకు రాసిందో చూడండి. మిమ్మల్ని రాత్రంతా ఆపారనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. ఆ తర్వాత మందుల చార్టునూ ఫార్మసీ బిల్లునూ పోల్చండి. చార్టులో ఒక ఇంజెక్షను రోజుకు రెండుసార్లు చొప్పున మూడు రోజులు ఇచ్చినట్టుంటే ఆరు వయల్స్. బిల్లులో పద్నాలుగు ఉంటే మిగతా ఎనిమిది రిటర్న్స్‌లో కనిపించాలి, కనిపించకపోతే అది అడగాల్సిన ప్రశ్న. గ్లౌజులు, సిరంజిలు, సెలైన్ సెట్లు కూడా ఇలాగే లెక్కేయండి. తక్కువ ధర వస్తువులని వదిలేస్తారు గానీ ఐసీయూ బిల్లు ఉబ్బేది చాలావరకు అక్కడే.

మీ బిల్లులో నేరుగా దొరికిపోయే లైను మాత్రం స్టెంట్లదే. స్టెంట్ ధరలకు కేంద్రం 2017 ఫిబ్రవరిలో గరిష్ఠ పరిమితి పెట్టింది. మందు పూత ఉన్న స్టెంట్‌కు అప్పట్లో 29,600. టోకు ధరల సూచీని బట్టి సవరిస్తూ 2025 ఏప్రిల్‌కు అది 38,933 రూపాయలైంది. రెండు స్టెంట్లకు జీఎస్‌టీ కలిపినా 82 వేలు దాటదు. తర్వాత ఏ సవరణ వచ్చినా సూచీ పెరిగినంతే పెరుగుతుంది. మరి 2,10,000 ఎలా వచ్చిందో వాళ్లే చెప్పాలి. పైగా స్టెంట్ ధర, బ్రాండు, తయారీదారు, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా చూపాలని ఆ ధరల ఉత్తర్వులోనే ఉంది. ‘మొత్తం ప్యాకేజీ’ అన్న జవాబు ఇక్కడ చెల్లదు. బెలూన్లు, క్యాథెటర్లు, గైడ్‌వైర్లు కూడా అందులో కలిపాం అంటారేమో. వాటికి స్టెంట్‌లాంటి పరిమితి లేదు, ప్యాకెట్ మీది ఎంఆర్‌పీ మాత్రమే హద్దు. అయితే వాటిని వాటి పేర్లతోనే చూపించమనండి.

ఈ ఒక్క అంశం మీద జాతీయ ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏకు విడిగా ఫిర్యాదు చేయొచ్చు. టోల్‌ఫ్రీ 1800 111 255, ఆన్‌లైన్‌లో ‘ఫార్మా జన్ సమాధాన్’. జత చేయాల్సినవి బిల్లు, స్టిక్కర్ల నకలు. ఒక విషయం ముందే తెలుసుకోండి: ఎన్‌పీపీఏ వసూలు చేసే అదనపు సొమ్ము ప్రభుత్వ ఖాతాకు పోతుంది, మీ చేతికి రాదు. మీ డబ్బు మీకు రావాలంటే దారి వినియోగదారుల కమిషనే. అక్కడ ఎన్‌పీపీఏ ఫిర్యాదు కాగితం మీకు బలమవుతుంది.

ఖాళీ ఫారాల సంగతి. సమ్మతి అంటే సంతకం కాదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. ఏం చేయబోతున్నారు, ఎందుకు, వేరే మార్గాలేమిటి, ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి అర్థమయ్యేలా చెప్పాక ఇచ్చేదే సమ్మతి. అంతేకాదు, రోగి పెద్దవారై నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్నప్పుడు బంధువు సంతకం సరిపోదు. ఆ కేసులో తల్లి ఇచ్చిన అనుమతి చెల్లలేదు. మన దగ్గర రోగి మంచం మీద మాట్లాడుతూనే ఉంటాడు, సంతకానికి మాత్రం కొడుకుని కౌంటరు దగ్గరికి పిలుస్తారు. మీ బాపు ఆ రాత్రి స్పృహలో ఉంటే సంతకం ఆయనదే ఉండాలి. హైదరాబాద్‌లోని నిమ్స్ మీద ప్రశాంత్ ధనంకా వేసిన కేసులో, పరీక్ష కోసం ముక్క తీయడానికిచ్చిన అనుమతి కణితి మొత్తం తీసేయడానికి సరిపోదని తేల్చి, 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇప్పించింది.

అయినా మీ కేసును సమ్మతి మీద నిలబెట్టవద్దని నా సలహా. గుండెపోటు అత్యవసరం. ప్రాణం కాపాడటానికి ఆలస్యం చేయలేని పరిస్థితిలో డాక్టరుకు కోర్టులు వెసులుబాటు ఇస్తాయి, ఇవ్వాలి కూడా. రెండో స్టెంట్ అవసరమా కాదా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు. యాంజియో సీడీ, మొదటి ఈసీజీ తీసుకుని ఆ ఆసుపత్రితో సంబంధం లేని కార్డియాలజిస్టుకు చూపించండి, వీలైతే ప్రభుత్వ బోధనాసుపత్రిలో. ఓపీ చీటీ మీద అభిప్రాయం రాసివ్వమనండి. ‘మోసం చేశారా’ అని అడిగితే ఏ డాక్టరూ నోరు విప్పరు. ‘ఈ రక్తనాళంలో ఎంత శాతం అడ్డు ఉంది, ఆ రాత్రే వేయాల్సిన అవసరం ఉందా’ అని అడిగితే జవాబొస్తుంది. రెండూ అవసరమే అని ఆయన అంటే ఆ అనుమానం అక్కడితో వదిలేయండి. బిల్లు మీది పోరాటం దానివల్ల ఏమీ బలహీనపడదు.

మళ్లీ ఎప్పుడైనా ఇంట్లోవాళ్లకు అవసరమొస్తే: ఫారంలో ఖాళీలున్నచోట అడ్డగీత కొట్టి, సంతకం పక్కన తేదీ, సమయం రాసి, ఫోనులో ఫొటో తీసుకోండి. తెలుగులో చదివి చెప్పమనడం రోగి హక్కుల పత్రంలో ఉన్నదే, బతిమాలుకోనక్కర్లేదు. ఖర్చు అంచనా కూడా రాతపూర్వకంగా అడగండి, అంచనా దాటితే ఆ పెరుగుదలనూ రాసి చెప్పాలి. మీకు నోటిమాటగా చెప్పిన లక్షా ఎనభైని నిరూపించడం ఇప్పుడు కష్టం. అడ్వాన్సు కట్టిన రసీదు మీదో, కౌన్సెలింగ్ షీటులోనో ఆ అంకె ఎక్కడైనా పడిందేమో చూడండి.

బిల్లు కోసం రోగిని ఆపడం తప్పు, మృతదేహాన్ని ఆపడం అంతకన్నా తప్పు. రోగుల హక్కుల పత్రంలో ఇది విడిగా ఒక హక్కు. బాకీ ఉంటే ఆసుపత్రి నోటీసు ఇచ్చి దావా వేసుకోవాలి. అలాంటి రాత్రి 112కు ఫోన్ చేయొచ్చు, భారతీయ న్యాయ సంహితలో అక్రమ నిర్బంధం సెక్షన్ 127. అయితే పోలీసు వస్తే మనిషి బయటికొస్తాడు గానీ బాకీ మాఫీ కాదు. కట్టక తప్పనప్పుడు ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని ఒక కాగితం రాసిచ్చి ముద్ర వేయించుకుంటే, తర్వాత ‘ఇష్టపూర్వకంగానే కట్టారు’ అనే మాటకు తావుండదు. ఇంకో ఉచ్చు కూడా ఉంది: డాక్టరు వెళ్లమన్నాక కూడా ‘వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్తున్నాను’ అనే ఫారం మీద సంతకం చేస్తేనే పంపుతామంటారు. అది పెట్టారంటే తర్వాత ఏం జరిగినా బాధ్యత మీ నెత్తినే, బీమా ఉన్నవాళ్లకు క్లెయిము కూడా చిక్కుల్లో పడుతుంది.

ఆరోగ్యశ్రీ గురించి: ఎమర్జెన్సీకి పనిచేయదన్నది అబద్ధం. అత్యవసర కేసులకు ఫోన్ మీదే అనుమతి తీసుకునే పద్ధతి ఆ పథకంలో ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. కాకపోతే ఆ ఆసుపత్రి, అందులో గుండె విభాగం, నెట్‌వర్క్‌లో ఉండాలి. 104కు ఫోన్ చేసి ఆ తేదీన ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ఈ అంశం వదిలేయాల్సిందే. ఉండి కూడా డబ్బు తీసుకున్నారంటే ఆరోగ్యశ్రీ ట్రస్టుకు కార్డు నకలు, బిల్లు, రసీదులతో రాయండి. నెట్‌వర్క్ పోతుందన్న భయం కోర్టు నోటీసుకన్నా గట్టిగా పనిచేస్తుంది.

ఇప్పుడు తలుపుల సంగతి. 72 గంటలు దాటినా రికార్డులు రాకపోతే, ముద్ర ఉన్న ప్రతితో జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి దగ్గరికి వెళ్లండి. ఆసుపత్రి రిజిస్ట్రేషన్ ఆ కార్యాలయం చేతిలోనే ఉంటుంది. తెలంగాణ అమలు చేస్తున్న క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రేట్ల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలి. పెట్టలేదంటే అదీ రాయండి. రికార్డు ఇవ్వని డాక్టరు మీద తెలంగాణ వైద్య మండలికి వెళ్లొచ్చు. మండలి డాక్టరును హెచ్చరించగలదు, రిజిస్ట్రేషన్ ఆపగలదు, మీకు రూపాయి ఇప్పించే అధికారం మాత్రం దానికి లేదు. వినియోగదారుల కమిషన్ డబ్బు ఇప్పిస్తుంది, డాక్టరు రిజిస్ట్రేషన్ జోలికి పోదు. ఈ తేడా తెలియక ఒకే పిటిషన్‌లో పద్నాలుగు ఆరోపణలు రాసి కలెక్టరుకూ, మండలికీ, ముఖ్యమంత్రి కార్యాలయానికీ నకళ్లు పంపుతారు. అందరూ ‘తగు చర్య నిమిత్తం’ అని ఇంకొకరికి పంపుతారు, కాగితం తిరుగుతూనే ఉంటుంది.

వినియోగదారుల కమిషన్ మీకు అనుకూలమే. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫిర్యాదు రుసుము లేదు. చెల్లించింది 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధి. 2019 చట్టం ప్రకారం మీరు నివాసముండే జిల్లాలోనే వేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. గడువు 2 ఏళ్లు. ముందు 15 రోజుల సమయమిచ్చి ఆసుపత్రికి నోటీసు పంపండి: స్టెంట్ల మీద ఎక్కువ తీసుకున్నది ఇంత, లెక్క తేలని మందులు ఇంత అని అంకెలతో. చాలా ఆసుపత్రులు ఈ దశలోనే ‘మాట్లాడుకుందాం’ అంటాయి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ కూడా ఈ దశలో పనికొస్తుంది. చికిత్సలో నిర్లక్ష్యం అని కూడా వాదించదలిస్తే నిపుణుడి అభిప్రాయం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. అది కూడా హైదరాబాద్ నుంచి వెళ్లిన కేసే, మలేరియాకు టైఫాయిడ్ మందులు వాడితే భార్యను పోగొట్టుకున్న వి. కిషన్‌రావుది. మీ విషయంలో మాత్రం బిల్లు, నిర్బంధం, రికార్డుల నిరాకరణ ఈ మూడింటికే పరిమితమవండి. కాగితంతో రుజువయ్యేవి అవే.

పోలీసు కేసు గురించి ఆలోచించవద్దు. డాక్టరు మీద క్రిమినల్ నిర్లక్ష్యానికి 2005 నాటి సుప్రీంకోర్టు జాకబ్ మాథ్యూ తీర్పు పెట్టిన కొలత చాలా ఎత్తు, మీ బాపు బాగున్నారు కూడా. ఊళ్లోవాళ్లను వెంటేసుకుని ఆసుపత్రి ముందు గొడవకు అసలే దిగకండి. ఆసుపత్రులపై దాడుల మీద 2008లో వచ్చిన రాష్ట్ర చట్టంలో మూడేళ్ల దాకా జైలు ఉంది. ఒక్క అద్దం పగిలినా ఫిర్యాదుదారు వాళ్లవుతారు, నిందితులు మీరవుతారు.

అందరికీ ఉచితంగా చికిత్స చేసే ప్రభుత్వ ఆసుపత్రిలో చేరినవాళ్లకు వినియోగదారుల కమిషన్ దారి ఉండదు. రికార్డుల కోసం 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఇందులో మారేవి ముఖ్యంగా మూడు: ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ అక్కడ 2002 నాటి రాష్ట్ర చట్టం కింద జరుగుతుంది, ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో ఉంది, డాక్టర్ల మీద ఫిర్యాదు ఆంధ్రప్రదేశ్ వైద్య మండలికి వెళ్లాలి. 72 గంటల నియమం, స్టెంట్ ధర, కమిషన్ గడువు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే.